బహురూపి వైద్యుడు: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో డ్రూయిడ్

డ్రూయిడ్: అమెరికాకు చెందిన బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2004 నవంబరు 23న విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఒక క్లాస్. వేలాదిమంది ఒకే ఊహాలోకంలో కలిసి ఆడే ఈ ఆటలో ప్రతి ఒక్కరూ మొదట ఒక జాతినీ, ఒక క్లాస్‌నూ ఎంచుకుంటారు. జట్టులో ఎవరి పని ఏమిటో క్లాస్‌ను బట్టే తేలుతుంది. శత్రువు దెబ్బలన్నీ తన మీదికి లాక్కునేది ట్యాంక్. జట్టు ప్రాణాలు నిలిపేది హీలర్. కొట్టి పడగొట్టే పని మిగిలినవారిది, వారిని డీపీఎస్ అంటారు. ఐదుగురు వెళ్లే డన్జన్‌లో ఒక ట్యాంక్, ఒక హీలర్, ముగ్గురు డీపీఎస్ ఉండటం ఆనవాయితీ.

ఆట మొదలైనప్పుడు 9 క్లాసులుండేవి, ఇప్పుడు 13 ఉన్నాయి. వీటిలో నాలుగు స్పెషలైజేషన్లున్నది డ్రూయిడ్ ఒక్కదానికే. ఎలుగుబంటిగా మారి ట్యాంక్ కావచ్చు, చిరుతలాంటి పెద్ద పిల్లిగా మారి దగ్గరనుంచి గోళ్లతో చీల్చవచ్చు, గుడ్లగూబ తలగల మూన్‌కిన్‌గా మారి దూరంనుంచి మంత్రాలు విసరవచ్చు, రెస్టొరేషన్ దారి పట్టి హీలర్ కావచ్చు. ఈ వ్యాసానికి ప్రధాన విషయం ఆ నాలుగో దారి. అయితే మిగతా మూడింటినీ పక్కన పెట్టి రెస్టొరేషన్ డ్రూయిడ్‌ను వివరించడం కుదరదు. అన్ని పనులూ వచ్చినవాడికి ఒక్కో పనిలో ఎంత బలం ఇవ్వాలి అన్న ప్రశ్న ఆట రూపకర్తలను ఇరవై ఏళ్లుగా వదల్లేదు. ఈ క్లాస్ చరిత్ర చాలావరకు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

పుట్టుక

చరిత్రలోని డ్రూయిడ్లు గాల్, బ్రిటన్, ఐర్లండ్ ప్రాంతాల కెల్టు జాతుల పురోహితులు. జూలియస్ సీజర్ వారి గురించి రాశాడు. ఓక్ చెట్టు మీద పెరిగే మిజిల్‌టో బదనికను వారు సర్వరోగ నివారిణిగా భావించేవారని క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అడవి, చెట్టు, వైద్యం అనే మూడింటి కలయిక ఆటల్లోకి వచ్చింది ఇక్కడినుంచే.

ఆటల్లో హీలర్ అనే పాత్రకు మూలం 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రచురించిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ఆ ఆటలో గాయాలు మాన్పే క్లెరిక్ ఒక మూలస్తంభం. అదే ఆటకు 1976లో వచ్చిన ఎల్డ్రిచ్ విజార్డ్రీ అనే అనుబంధంలో డ్రూయిడ్ ఆటగాళ్లు ఎంచుకోదగ్గ క్లాస్ అయింది. జంతురూపం ధరించే శక్తి అప్పటికే దానికి ఉంది.

కంప్యూటర్ ఆటల్లో ఈ పాత్ర పలు రూపాలు తీసుకుంది. 1999 మార్చిలో మొదలైన ఎవర్‌క్వెస్ట్‌లో పెద్ద శత్రువుల మీద పోరాటమంతా క్లెరిక్‌ల చేతిలో ఉండేది. వారి కంప్లీట్ హీల్ మంత్రం చదవడానికి 10 సెకన్లు పట్టేది. అందుకని క్లెరిక్‌లు వరుస కట్టి, ఒకరి తర్వాత ఒకరు లెక్క ప్రకారం మొదలుపెట్టేవారు. ఒకరు తడబడితే గొలుసు తెగి ట్యాంక్ పడిపోయేవాడు. 2001లో వచ్చిన డార్క్ ఏజ్ ఆఫ్ క్యామెలాట్‌లో హైబర్నియా రాజ్యానికి ప్రధాన హీలర్ డ్రూయిడే.

బ్లిజార్డ్ డ్రూయిడ్‌కు తక్షణ మాతృక మాత్రం ఆ సంస్థే 2002 జులైలో విడుదల చేసిన వార్‌క్రాఫ్ట్ 3. అందులో నైట్ ఎల్ఫ్ సైన్యంలో డ్రూయిడ్ ఆఫ్ ద క్లా అనే యోధుడున్నాడు. మనిషి రూపంలో రిజువనేషన్ మంత్రం వేసి తోటివారి గాయాలు మాన్పేవాడు, అవసరమైతే ఎలుగుబంటిగా మారి ముందుకు దూకేవాడు. కీపర్ ఆఫ్ ద గ్రోవ్ అనే వీరుడికి ట్రాంక్విలిటీ అనే, చుట్టూ ఉన్నవారందరినీ స్వస్థపరిచే మంత్రం ఉండేది. ఈ రెండు మంత్రాలూ పేర్లతో సహా 2004 నాటి ఆటలోకి వచ్చాయి, నేటికీ ఉన్నాయి. కథలో డ్రూయిడ్ల ఆదిగురువు సెనారియస్ అనే ఉపదేవుడు, అతని మొదటి శిష్యుడు మాల్‌ఫ్యూరియన్ స్టార్మ్‌రేజ్. వార్‌క్రాఫ్ట్ 3లో నైట్ ఎల్ఫ్ డ్రూయిడ్లంతా పురుషులే, సైన్యంలో ముందువరస స్త్రీలది. 2004 ఆటలో ఆ కట్టుబాటు పోయింది. మొదట్లో నైట్ ఎల్ఫ్, టారెన్ జాతులకు మాత్రమే ఈ క్లాస్ దక్కేది. 2010 డిసెంబరులో వచ్చిన కెటాక్లిజమ్ విస్తరణతో వోర్గెన్, ట్రోల్ జాతులకూ అందింది.

తొలి ఏళ్లు

2004 నుంచి 2006 వరకు, అంటే ఆట గరిష్ఠ స్థాయి 60గా ఉన్న రోజుల్లో, డ్రూయిడ్‌గా ఆడటం ఓర్పుతో కూడిన పని. 10వ స్థాయిలో మూన్‌గ్లేడ్ అనే చోటికి వెళ్లి పరీక్ష నెగ్గితే ఎలుగుబంటి రూపం, 16వ స్థాయిలో నీటిలో ఈదే సీ లయన్ (సముద్ర సింహం) రూపం, 20లో పిల్లి, 30లో వేగంగా పరుగెత్తే చిరుత. ఒక్కో రూపం చేతికి వస్తుంటే ఆటగాళ్లకు కలిగే సంతోషం వేరు. కాని 60వ స్థాయికి చేరి, 40 మంది కలిసి వెళ్లే మోల్టెన్ కోర్ లాంటి రైడ్‌లో అడుగుపెట్టాక ఆ రూపాలన్నీ మూలన పడేవి. అక్కడ డ్రూయిడ్‌కు సాధారణంగా దొరికేది హీలర్ స్థానమే. స్టార్మ్‌రేజ్ పేరుగల రెండో అంచె కవచాలూ, డ్రీమ్‌వాకర్ అనే మూడో అంచె కవచాలూ హీలింగ్‌కు పనికొచ్చేలా తయారైనవే కాబట్టి, వేరే దారి పట్టినవారికి తొడుక్కోవడానికి సరైన బట్ట కూడా కరవు.

హీలర్‌గానైనా మొదటి పీట దక్కిందా అంటే, లేదు. ఒకే ట్యాంక్ మీద ఇద్దరు డ్రూయిడ్లు చెరొక రిజువనేషన్ వేస్తే రెండూ నిలిచేవి కావు, ఒక్కటే పనిచేసేది. దాంతో ఒక రైడ్‌లో నలుగురు డ్రూయిడ్లుంటే వారి ప్రత్యేక విద్య ఒకరికొకరు అడ్డుపడేది. చాలామంది హీలింగ్ టచ్ అనే నిదానపు మంత్రాన్ని, అదీ మంత్రాలకు ఖర్చయ్యే మానా అనే శక్తి ఆదా కోసం కింది ర్యాంకుది, పదేపదే వేస్తూ గడిపేవారు. పోరాటం ముగిశాక చనిపోయినవారిని బతికించే మామూలు మంత్రం మిగతా హీలర్ క్లాసులైన ప్రీస్ట్‌కు, పాలడిన్‌కు, షామన్‌కు ఉండేది. డ్రూయిడ్‌కు 2008 దాకా లేదు.

దానికి బదులుగా రీబర్త్ ఉండేది. పోరాటం నడుస్తుండగానే నేలకొరిగినవాడిని లేపే మంత్రమిది, అరగంటకు ఒక్కసారి మాత్రమే వేయగలిగేది. ప్రతిసారీ ఒక విత్తనం ఖర్చయ్యేది. మొదటి ర్యాంకుకు మేపుల్ విత్తనం, పై ర్యాంకులకు వేరే చెట్ల విత్తనాలు దుకాణంలో కొని సంచిలో పెట్టుకోవాలి. విత్తనాలు కొనడం మరిచి రైడ్‌కు వెళితే ఆ రాత్రి మందలింపు తప్పేది కాదు. రెండోది ఇన్నర్వేట్. దాన్ని ఎవరి మీద వేస్తే వారి మానా కొద్దిసేపు వేగంగా నిండేది. ఆనాటి రైడ్లలో డ్రూయిడ్ తన ఇన్నర్వేట్‌ను తనకోసం ఉంచుకోకుండా ప్రీస్ట్‌కు ఇవ్వాలన్నది చాలా జట్లలో రాయని నియమం. తొలి ఏళ్ల డ్రూయిడ్ విలువ తాను చేసే వైద్యంలో కన్నా ఇతరులకు ఇచ్చే ఊతంలో ఎక్కువగా కనిపించేదని చెప్పడం సబబు.

వైద్యం జరిగే తీరు

ఈ క్లాస్‌కు ప్రాణం హాట్ అనే పద్ధతి. ఒక్క దెబ్బలో ప్రాణశక్తి నింపకుండా కొన్ని సెకన్లపాటు విడతలుగా నింపే మంత్రాలను ఆటగాళ్లు హాట్లు అంటారు. ప్రీస్ట్, పాలడిన్ల పెద్ద మంత్రాలకూ వీటికీ ఉన్న తేడా కడవతో గుమ్మరించడానికీ, బిందుసేద్యానికీ ఉన్నంత. రిజువనేషన్ మూడు సెకన్లకోసారి చొప్పున 12 సెకన్లు పనిచేసేది. రీగ్రోత్ చదవడానికి 2 సెకన్లు పట్టేది. అది వెంటనే కొంత నింపి, ఆపైన 21 సెకన్లపాటు కొద్దికొద్దిగా నింపేది. స్విఫ్ట్‌మెండ్ వీటికి అనుబంధం. ట్యాంక్ మీద ఉన్న ఒక హాట్‌ను మింగేసి, వెంటనే ఒక పెద్ద మొత్తం ఒక్కసారిగా నింపేస్తుంది.

2007 జనవరి 16న వచ్చిన బర్నింగ్ క్రూసేడ్ విస్తరణ ఈ పద్ధతికి పదును పెట్టింది. కొత్తగా లైఫ్‌బ్లూమ్ వచ్చింది. 7 సెకన్లపాటు ప్రతి సెకనూ నింపి, గడువు తీరగానే పువ్వులా విచ్చుకుని ఒక పెద్ద మొత్తం ఇచ్చేది. ఒకరి మీద మూడు పొరల దాకా వేయగలిగేవారు. గడువు తీరకముందే మళ్లీ వేస్తే మూడు పొరలూ కొత్తగా మొదలయ్యేవి.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. అప్పటి ఆటలో ఒక మంత్రం వేశాక తర్వాతిది వేయడానికి మామూలుగా 1.5 సెకన్లు ఆగాల్సి వచ్చేది. లైఫ్‌బ్లూమ్ గడువు 7 సెకన్లు. అంటే నలుగురి మీద వరుసగా వేస్తూ పోతే 6 సెకన్లు గడుస్తాయి, మొదటివాడి దగ్గరికి తిరిగి రావడానికి ఒక్క సెకను మిగులుతుంది. ఆ ఒక్క సెకను చేతిలో పట్టుకుని నలుగురు ట్యాంకుల మీద మూడేసి పొరలు రాలిపోకుండా పోరాటమంతా నిలబెట్టిన డ్రూయిడ్లు ఆనాటి రైడ్లలో ఉన్నారు. ఇంటర్నెట్ ఒక్క క్షణం మొరాయించినా, కాళ్లకింద మంట లేచి పక్కకు దూకాల్సి వచ్చినా ఒక గొలుసు తెగుతుంది, మళ్లీ మూడు పొరలూ మొదటినుంచి పేర్చాలి. ముగ్గురితో సరిపెట్టుకుంటే మాత్రం ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది. అనుభవజ్ఞులు ఆ ఖాళీలో ఒక రిజువనేషన్ గానీ స్విఫ్ట్‌మెండ్ గానీ వేసేవారు. తెరమీద కనిపించేది చిన్నచిన్న గళ్లలో పచ్చని పట్టీలు, వాటి మీద తరిగిపోతున్న అంకెలు మాత్రమే. ఆ అంకెల వెనక జరిగే పని ఎంత నిక్కచ్చిదో ఆడినవారికే తెలుస్తుంది.

2008 నవంబరులో రాథ్ ఆఫ్ ద లిచ్ కింగ్‌తో వైల్డ్ గ్రోత్ వచ్చింది. దెబ్బతిన్న పలువురిని ఒకేసారి అందుకుని, తొలి సెకన్లలో ఎక్కువగా, పోనుపోను తక్కువగా నింపే మంత్రం. 2010లో లైఫ్‌బ్లూమ్‌ను ఒకరికే పరిమితం చేశారు. నలుగురి లెక్క అక్కడితో ముగిసింది. 2016లో వచ్చిన లీజియన్ విస్తరణలో మాస్టరీ అనే గుణం స్వభావం మారింది. ఒకరి మీద ఎన్ని హాట్లు ఉంటే వారికి చేసే ప్రతి వైద్యమూ అంత బలపడుతుంది. ఇరవై మందికి తలో హాట్ పంచాలా, ప్రాణాపాయంలో ఉన్న ఒక్కరి మీద నాలుగు పేర్చాలా అన్నది అప్పటినుంచి ఈ పాత్రలో క్షణక్షణం తేల్చుకోవలసిన విషయం.

హాట్లకూ రూపాలకూ ఉన్న బంధాన్ని చాలా పరిచయ వ్యాసాలు వదిలేస్తాయి. నిజానికి డ్రూయిడ్ బహుముఖత్వమంతా అందులోనే ఉంది. జంతురూపంలో ఉండగా వైద్యమంత్రాలు వేయడం కుదరదు. కాని ముందే వేసిన హాట్లు వేసినవారు ఏ రూపంలో ఉన్నా తమ పని తాము చేసుకుపోతాయి. కాబట్టి మిత్రుడి మీద మూడు హాట్లు వేసి, శత్రువు తన మీద పడగానే ఎలుగుబంటిగా మారి దెబ్బలు కాచుకోవచ్చు. పరుగుకు పనికొచ్చే రూపంలో స్తంభం వెనక్కి తప్పుకోవచ్చు. కాళ్లను పట్టేసే వేళ్లూ వలలూ రూపం మారగానే ఊడిపోయేవి. మనిషిని గొర్రెగా మార్చే మేజ్ మంత్రం జంతురూపంలో ఉన్నవారి మీద పారదు. ఆటగాళ్ల జట్లు పరస్పరం తలపడే, 2007లో మొదలైన అరేనా పోటీల్లో రెస్టొరేషన్ డ్రూయిడ్, వారియర్ల జంట పేరు మోగడానికి కారణం ఇదే. వారియర్ కొడుతూ ఉంటాడు, డ్రూయిడ్ ఎవరికీ చిక్కడు, చిక్కకుండా తిరుగుతున్నంతసేపూ వారియర్ గాయాలు మానుతూనే ఉంటాయి. నిలబడి పెద్ద మంత్రం చదవాల్సిన హీలర్‌కు ఈ స్వేచ్ఛ లేదు.

చెట్టు రూపం

బర్నింగ్ క్రూసేడ్‌లోనే రెస్టొరేషన్ డ్రూయిడ్‌కు సొంత రూపం దక్కింది: ట్రీ ఆఫ్ లైఫ్, నడిచే చెట్టు. హాట్లకు మానా ఖర్చు 20 శాతం తగ్గేది, చుట్టూ ఉన్న జట్టు సభ్యులకు అందే వైద్యం పెరిగేది. దానికి చెల్లించాల్సిన ధర కూడా గట్టిదే. నడక వేగం 20 శాతం తగ్గేది, హీలింగ్ టచ్ వేయడానికి వీలుండేది కాదు. ఆ రూపంలో ఉన్నంతసేపూ డ్రూయిడ్ అంటే హాట్లు మాత్రమే.

2008లో ఆ నెమ్మది నడక శిక్ష తీసేశారు. 2010లో కెటాక్లిజమ్ వచ్చినప్పుడు శాశ్వత రూపాన్నే తొలగించి, కొన్ని నిమిషాలకోసారి అర నిమిషానికి అటూఇటూగా వాడుకునే శక్తిగా మార్చారు. తమ పాత్ర ముఖం, కవచం కనబడాలని కోరుకున్నవారు ఆనందించారు. చెట్టుగానే ఏళ్ల తరబడి జట్టులో గుర్తింపు పొందినవారు బాధపడ్డారు, గట్టిగా నిరసన తెలిపారు. తర్వాతి రోజుల్లో బలమేమీ ఇవ్వని ఒట్టి వేషంగా చెట్టు రూపాన్ని తిరిగి ఇవ్వడం ఆ నిరసనకు దక్కిన కొంత ఫలితం. ఆట కోణంలో చూస్తే బ్లిజార్డ్ నిర్ణయం సరైనదే. ఎప్పుడూ ఒకే రూపంలో ఉండిపోయే డ్రూయిడ్, తన క్లాస్‌లోని అసలు సుగుణాన్ని వదులుకున్నట్టే. కాని ఆటగాడి మనసుకు తన రూపం మీద ఉండే మమకారాన్ని తక్కువ చేయకూడదు. జట్టు నడుమ ఒక చెట్టు నిలబడి ఉంటే హీలర్ ఎక్కడున్నాడో ఎవరినీ అడగనక్కర్లేదు.

అన్నీ వచ్చినందుకు పన్ను

మేజ్, రోగ్, వార్‌లాక్, హంటర్ క్లాసులు దాడి తప్ప వేరే పని చేయలేవు. డ్రూయిడ్ దాడిలోనూ వారితో సమానంగా ఉండి, పైగా హీలర్, ట్యాంక్ కూడా కాగలిగితే వారిని ఎవరు ఎంచుకుంటారు? ఈ వాదనతో తొలి ఏళ్లలో బహుముఖ క్లాసుల దాడిబలాన్ని కాస్త తక్కువగా ఉంచారు. ఆటగాళ్లు దీన్ని హైబ్రిడ్ పన్ను అన్నారు. రాథ్ కాలానికి ఆ తేడా కొద్ది శాతానికి తగ్గింది, పోనుపోను దాదాపు మాసిపోయింది.

దాడిబలం ఒక్కటే పన్ను కాదు. అప్పట్లో దారి మార్చుకోవాలంటే గురువు దగ్గరికి వెళ్లి బంగారం చెల్లించాలి. మొదటిసారి 1 నాణెం, తర్వాత 5, 10 అంటూ 50 దాకా పెరిగేది. పగలు ఒంటరిగా తిరుగుతూ పిల్లిగా వేటాడాలని, రాత్రి రైడ్‌లో హీలర్‌గా నిలబడాలని ఉన్నవారు రోజుకు రెండుసార్లు ఈ కప్పం కట్టాలి. రెండు జతల కవచాలు విడిగా కూడబెట్టుకోవాలి. బహుముఖత్వం పుస్తకంలో ఉంది, చేతికి అందలేదు.

2009 ఏప్రిల్‌లో 3.1 ప్యాచ్ తెచ్చిన రెండు దారుల ఏర్పాటుతో పరిస్థితి మారింది. ఒక్కసారి 1000 బంగారు నాణేలు చెల్లిస్తే రెండు స్పెషలైజేషన్లు సిద్ధంగా ఉంచుకుని, పోరాటానికీ పోరాటానికీ మధ్య మార్చుకునే వీలు కలిగింది. ఒక శత్రువుకు ముగ్గురు హీలర్లు చాలనుకుంటే నాలుగో హీలర్ మూన్‌కిన్‌గా మారి దాడికి దిగేవాడు. జట్టు నాయకులకు డ్రూయిడ్ విలువ తెలిసివచ్చింది అప్పుడే. 2012లో మిస్ట్స్ ఆఫ్ పాండారియా పిల్లినీ ఎలుగుబంటినీ వేర్వేరు స్పెషలైజేషన్లుగా విడదీసింది, దాంతో నాలుగు దారులయ్యాయి. 2016 నుంచి నాలుగింటి మధ్యా ఖర్చు లేకుండా తిరగవచ్చు. నా దృష్టిలో డ్రూయిడ్ చరిత్రను రెండుగా చీల్చే గీత 2009 ఏప్రిల్. కొత్త మంత్రాలేవీ ఇంత మార్పు తేలేదు.

రెండు పోరాటాలు

హీలర్ల నైపుణ్యాన్నే పరీక్షగా పెట్టిన పోరాటాలు ఈ ఆటలో కొన్ని ఉన్నాయి. 2008 నాటి నాక్స్‌రమాస్ రైడ్‌లో లోథెబ్ అనే శత్రువు ఒకటి. అతని ముందు నిలబడితే 20 సెకన్లలో 17 సెకన్లపాటు ఎవరికీ ఏ వైద్యమూ అందదు, చివరి 3 సెకన్లే గడువు. హీలర్లంతా ఆ మూడు సెకన్లలో ఒక్కసారిగా మంత్రాలు గుప్పించాలి. డ్రూయిడ్లు లైఫ్‌బ్లూమ్‌ను ముందే వేసి, సరిగ్గా ఆ గడువులో విచ్చుకునేలా కాలం చూసుకునేవారు. వైద్యం నిషేధించిన సమయంలో వేసిన మంత్రం వైద్యం అనుమతించిన క్షణంలో పండుతుంది.

రెండోది ఐస్‌క్రౌన్ సిటడెల్‌లోని వాలిత్రియా డ్రీమ్‌వాకర్. 2009 డిసెంబరులో మొదలైన ఈ రైడ్‌లో ఆమె శత్రువు కాదు, చెరలో చిక్కి సగం ప్రాణంతో పడివున్న ఆకుపచ్చ డ్రాగన్. ఆమెను పూర్తి ఆరోగ్యానికి తెస్తేనే గెలుపు. దాడిచేసేవారి పని, చుట్టూ ముసిరే శత్రువులనుంచి హీలర్లను కాపాడటమే. హీలర్లు తెరుచుకున్న ద్వారాల గుండా స్వప్నలోకంలోకి వెళ్లి, అక్కడి మబ్బులను తాకి, వైద్యబలం పెంచుకుని తిరిగివస్తారు. ఎప్పుడూ వెనకవరసలో ఉండేవారిని ముందుకు తెచ్చిన ఇలాంటి పోరాటాలు బ్లిజార్డ్ ఇంకా ఎన్నో చేసి ఉండవలసింది.

హీలర్ చుట్టూ సమాజం

హీలర్ల సాయగుణం శాస్త్రవేత్తల పరిశీలనకు కూడా వచ్చింది. 2005 సెప్టెంబరు 13న జుల్‌గురూబ్ అనే కొత్త రైడ్ తెరుచుకుంది. అందులో హక్కర్ అనే శత్రువు వేసే కరప్టెడ్ బ్లడ్ అనే శాపం ఒకరినుంచి ఒకరికి అంటుకునేది. అది రైడ్ గడప దాటకూడదు. కాని వేటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా నగరాల్లోకి పాకి, తక్కువ స్థాయి ఆటగాళ్లను గుంపులుగా బలిగొంది. ఎరిక్ లోఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ 2007లో ద లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో దీన్ని అంటువ్యాధి నమూనాగా విశ్లేషించారు. వైద్యశక్తి ఉన్న ఆటగాళ్లు ఎవరూ అడగకుండానే ముందుకొచ్చి సాయపడ్డారనీ, అయితే రోగులను ఎక్కువసేపు బతికించడం వల్లా, తామే అంటించుకుని వేరేచోటికి వెళ్లడం వల్లా వ్యాప్తి గతిని వారు మార్చి ఉండవచ్చనీ వారు గమనించారు. చివరికి బ్లిజార్డ్ సర్వర్లను రీసెట్ చేసి సమస్యను అణిచింది.

హీలింగ్ స్త్రీల పని అన్న అపోహ ఆటల్లో పాతది. పరిశోధకుడు నిక్ యీ 2014లో ప్రచురించిన ద ప్రోటియస్ పారడాక్స్ పుస్తకం ఈ విషయంలో చదవదగినది. ఆటగాళ్లు తాము ఎవరైనా సరే, స్త్రీ పాత్రను ధరించినప్పుడు ఎక్కువగా హీలింగ్ చేస్తారనీ, వేషమే ప్రవర్తనను నడిపిస్తోందనీ అతని అధ్యయనం చూపింది.

హీలర్ల కొరత మాత్రం అపోహ కాదు. జట్టును ఆటే కూర్చిపెట్టే డన్జన్ ఫైండర్ 2009 డిసెంబరులో వచ్చాక డీపీఎస్‌లు చాలాసేపు వేచివుండటం, ట్యాంకులూ హీలర్లూ చప్పున లోపలికి వెళ్లడం అందరికీ కనబడింది. కొరతగా ఉన్న పాత్రకు అదనపు బహుమతి సంచి ఇచ్చే పద్ధతి 2011లో మొదలైంది. కారణం ఊహించడం కష్టం కాదు. డీపీఎస్ పది నిమిషాలు పరధ్యానంగా ఉన్నా పని జరిగిపోతుంది. హీలర్ అయిదు సెకన్లు కళ్లు తిప్పితే జట్టు నేలమీద ఉంటుంది, ఆ తప్పు ఎవరిదో అందరికీ తెలుస్తుంది.

ఇతర ఆటల్లో

2012 ఆగస్టులో వచ్చిన గిల్డ్ వార్స్ 2, ట్యాంక్, హీలర్, డీపీఎస్ విభజనే వద్దని, ప్రతివారూ తమ గాయాలు తామే మాన్పుకోవాలని పట్టుబట్టింది. మూడేళ్లకు, 2015 అక్టోబరు నాటి హార్ట్ ఆఫ్ థార్న్స్ విస్తరణలో పదిమందితో ఆడే రైడ్లు పెట్టాల్సి వచ్చినప్పుడు హీలర్ తిరిగి వచ్చాడు, రేంజర్ క్లాస్‌కు ఇచ్చిన డ్రూయిడ్ స్పెషలైజేషన్ రూపంలోనే. ఫైనల్ ఫాంటసీ 14లో ప్రస్తుతం నలుగురు హీలర్లున్నా వారిలో రూపం మార్చేవారు లేరు. హీలర్ కూడా తీరిక దొరికినప్పుడల్లా దాడి చేయాలన్న సంప్రదాయం ఆ ఆటలో బలమైనది. వార్‌క్రాఫ్ట్‌లో 2016లో మొదలైన మిథిక్ ప్లస్ డన్జన్లు, గడియారంతో పోటీ కాబట్టి, అదే అలవాటును తెచ్చాయి. రెస్టొరేషన్ డ్రూయిడ్లు హాట్లు వేసి పిల్లిగా మారి కొట్టి, మళ్లీ మనిషిగా మారి మాన్పే తీరును క్యాట్‌వీవింగ్ అంటారు. 2024 ఆగస్టులో వచ్చిన ద వార్ వితిన్, రెస్టొరేషన్‌కు ఇచ్చిన రెండు కొత్త శాఖల్లో ఒకదానికి కీపర్ ఆఫ్ ద గ్రోవ్ అన్న 2002 నాటి పేరే పెట్టింది.

కొత్తగా ఆడేవారికి

ఈ పాత్రలో మొదట నేర్వవలసింది మంత్రాల జాబితా కాదు, పోరాటం నడిచే వరుస. శత్రువు ఏ క్షణంలో ఏ దెబ్బ వేస్తాడో తెలియకపోతే హాట్ ఎప్పుడూ ఆలస్యమే. పట్టీ సగానికి పడ్డాక రిజువనేషన్ వేసేవారు వెనకబడ్డట్టే. రెండు సెకన్ల ముందు వేసి ఉంటే అదే మంత్రం సరిపోయేది. రైడ్‌లో ఎవరెంత వైద్యం చేశారో చూపే మీటర్లను మితంగా నమ్మాలి. మీ హాట్ నింపబోయే గాయాన్ని వేరొకరు పెద్ద మంత్రంతో ముందే నింపేస్తే, మీ పని వృథా లెక్కలో పడుతుంది. అయినా ఆ హాట్ ఉన్నందునే ఆ ట్యాంక్ అంతవరకు బతికి ఉండవచ్చు. చిన్న గళ్ల మీద మౌస్ ఉంచి మీట నొక్కగానే మంత్రం పడేలా అమర్చుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికా సర్వర్లలో ఆడేవారికి సంకేతం వెళ్లి రావడానికే సెకనులో అయిదో వంతుకు పైగా పడుతుంది. ముందే వేసి ఉంచే హాట్లు అలాంటివారికి ఆఖరి క్షణపు మంత్రాల కన్నా నమ్మదగినవి.

డ్రూయిడ్ హీలర్ ఉన్న జట్టులో ట్యాంక్‌గా వెళ్లేవారికి ఒక విన్నపం. శత్రువుల గుంపు మీదికి దూకేముందు రెండు సెకన్లు ఆగండి. లైఫ్‌బ్లూమ్, రిజువనేషన్ మీ మీద పడ్డాయో లేదో చూసుకుని కదలండి. ఆ రెండు సెకన్లు హీలర్‌కు ఇస్తే తర్వాతి అర నిమిషం మీ ప్రాణం గురించి మీరు ఆలోచించనక్కర్లేదు.